పిల్లలకి కెమిస్ట్రీ ఎలా మొదలుపెట్టాలి: బోరు నీళ్లు, రెండు మేకులు, ఒక లాంగ్ నోట్‌బుక్

పోయినేడు ఎండాకాలంలో మా అపార్ట్‌మెంట్‌కి వాటర్ ప్యూరిఫయర్ అమ్మే కుర్రాడొకడు వచ్చాడు. లిఫ్టు పక్కన బల్ల వేసుకుని రెండు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో మా బోరు నీళ్లు, రెండోదాంట్లో తను తెచ్చిన ఆర్వో నీళ్లు. లోహపు కడ్డీలున్న చిన్న పరికరాన్ని రెండింట్లో ముంచి స్విచ్ వేశాడు. చూస్తుండగానే బోరు నీళ్లు ఆకుపచ్చగా మారి, ఆపైన తుప్పు రంగు మడ్డి తేలింది. ఆర్వో నీళ్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. "చూశారా మేడం, రోజూ మీ కడుపులోకి పోయేది ఇదే" అన్నాడు. చుట్టూ చేరినవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఇద్దరు అక్కడే బుక్ చేసేశారు. మూడో ఫ్లోర్‌లో ఉండే తొమ్మిదో తరగతి పిల్ల మాత్రం నా కొంగు లాగి మెల్లగా అడిగింది: "ఆంటీ, ఆ మడ్డి నీళ్లలోంచి వచ్చిందా, కడ్డీల్లోంచి వచ్చిందా?"

నేను హైదరాబాద్ జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లు పనిచేశాను. అన్నేళ్లలో ఇంటర్వ్యూకి వచ్చిన ఎమ్మెస్సీ వాళ్లలో కూడా ఇలాంటి ప్రశ్న అడిగినవాళ్లు తక్కువే. ఆ పిల్లతోనే మా టెర్రస్ మీద ఆదివారం కెమిస్ట్రీ మొదలైంది. ఇప్పుడు ఎనిమిది నుంచి పది దాకా చదివేవాళ్లు ఏడుగురు వస్తున్నారు. మీరు తల్లో తండ్రో కావచ్చు, ట్యూషన్ చెప్పేవాళ్లు కావచ్చు, ల్యాబ్‌కి తాళం వేసి ఉండే స్కూల్లో సైన్స్ టీచర్ కావచ్చు. రెండు గంటలు ఖాళీ, నాలుగైదు వందల రూపాయలు ఉంటే ఇదంతా మీరూ చేయించొచ్చు.

ముందు ప్రశ్న కావాలి

మొదటి నెల పుస్తకం తెరవొద్దు. ఆవర్తన పట్టిక, వేలెన్సీలు, సమీకరణాల తుల్యం అన్నీ ఉంటాయి, ఎక్కడికీ పోవు. మొదటి రోజు పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఇంట్లో ఎప్పుడూ చూసేదే అయినా ఎందుకో తెలియని సంగతి ఒక్కొక్కటి చెప్పమనండి. మా వాళ్లు చెప్పినవి కొన్ని: బోరు నీళ్లతో తలంటుకుంటే జుట్టు ఎందుకు జిగటగా ఉంటుంది, దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎర్రగా ఎందుకు ఉంటాయి, గీజర్‌లో తెల్లటి పెచ్చు ఎక్కడిది, పుల్లగా ఉన్నవాటిలోనే సి విటమిన్ ఉంటుందా. ఒకడు "బ్లాక్ హోల్‌లో ఏముంటుంది" అన్నాడు. మంచి ప్రశ్నే, కానీ మన టెర్రస్ మీద తేలేది కాదని చెప్పి పక్కన పెట్టాం.

'ఎందుకు' అనే ప్రశ్నను అలాగే వదిలేస్తే ప్రయోగం పుట్టదు. దాన్ని 'ఏది మారిస్తే ఏది మారుతుంది' అనే రూపంలోకి తేవాలి. "జుట్టు జిగట ఎందుకు" అన్నది "నీళ్లు మారిస్తే సబ్బు నురగ మారుతుందా" అయితే, అప్పుడు చేతులకు పని దొరుకుతుంది. ఈ మార్పు మీరు చేసి పెట్టకండి, వాళ్లచేతే చేయించండి. మొదట్లో పావుగంట పడుతుంది, విసుగ్గా ఉంటుంది. నేను మొదటి రెండు వారాలు ఆగలేక నోటికొచ్చిన జవాబు చెప్పేశాను. పిల్లలు బుద్ధిగా తలూపి రాసుకున్నారు. మూడో వారం అడిగితే ఒక్కరికీ గుర్తులేదు.

నోట్‌బుక్ సంగతి

అన్నిటికన్నా ముఖ్యమైన పరికరం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రూళ్లున్న లాంగ్ నోట్‌బుక్, బాల్ పెన్ను. పెన్సిల్ వద్దు, వైట్‌నర్ అసలే వద్దు. పొరపాటు రాస్తే దాని మీద ఒకే గీత, కింద అక్షరాలు కనబడేలా కొట్టాలి. పక్కన సరైన అంకె, పొట్టి సంతకం, తేదీ. మందుల కంపెనీల్లో ఇదే పద్ధతి. చెరిపేసిన అంకె కనిపిస్తే ఆడిట్‌కి వచ్చినవాళ్లు బ్యాచ్ మొత్తాన్నే అనుమానిస్తారు.

పేజీని నిలువుగా రెండుగా మడవండి. ఎడమ వైపు 'అంచనా', కుడి వైపు 'చూసింది'. ప్రయోగం మొదలవకముందే ఎడమ వైపు నిండాలి: ఏమవుతుందనుకుంటున్నావు, ఎందుకు అనుకుంటున్నావు. పాఠ్యపుస్తకంలో 'పరికల్పన' అని వాళ్లు చదివింది ఇదే. ఎవరి అంచనా వాళ్లది, పక్కవాడిది చూడకూడదు. నా మటుకు మొత్తం వ్యవహారంలో ఇది ఒక్కటి కచ్చితంగా చేయిస్తే చాలు. ముందు రాసిపెట్టుకోకపోతే ఫలితం చూశాక ప్రతివాడూ "నేనూ అదే అనుకున్నా" అంటాడు. అబద్ధం ఆడుతున్నట్టు వాడికే తెలియదు. మనసు అంత త్వరగా మాట మార్చేస్తుంది.

అంచనా తప్పితే మార్కులు పోతాయన్న భయం మన పిల్లల్లో బాగా పాతుకుపోయింది. స్కూల్ రికార్డు బుక్కు సీనియర్ది తెచ్చుకుని దించేయడం అలవాటైన చోట అది సహజమే. అందుకే నేను మొదటి రోజే నా అంచనా కూడా బోర్డు మీద రాస్తాను, తప్పినప్పుడు అందరి ముందూ గీత కొట్టి సంతకం పెడతాను. వాళ్లకి అదో పండగ.

సామాను

సూది లేని 5 మిల్లీలీటర్ల సిరంజిలు నాలుగు, మెడికల్ షాపులో. ఒకే సైజు అర లీటరు ప్లాస్టిక్ సీసాలు ఆరు. గాజు గ్లాసులు, స్పూన్లు, టీ వడపోసే గుడ్డ, గ్రాములు చూపే కిచెన్ తూకం, ఫోన్‌లో స్టాప్‌వాచ్. ఒక 9 వోల్టుల బ్యాటరీ, దానికి క్లిప్పులున్న వైర్లు. వైర్లు కోఠి గుజరాతీ గల్లీలో చవగ్గా దొరుకుతాయి. హార్డ్‌వేర్ షాపులో దొరికే ప్లాస్టిక్ కళ్లద్దాలు, తలకొకటి. కళ్లద్దాల దగ్గర మాత్రం సర్దుకోవద్దు. సున్నం ఒక్క చుక్క కంట్లో పడినా ప్రమాదమే.

ఏసీ నుంచి కారే నీళ్లు ఒక సీసా పట్టి ఉంచండి. అవి గాలిలోని ఆవిరి చల్లబడి వచ్చినవి కాబట్టి వాటిలో లవణాలు దాదాపు ఉండవు. తాగడానికి కాదని సీసా మీద పెద్దక్షరాలతో రాయండి.

మొదటి ఆదివారం: ఎర్రనీళ్లు

ఇది తేలిగ్గా అయిపోతుంది, పిల్లల్లో బెరుకు పోతుంది. గ్లాసు నీళ్లలో చిటికెడు పసుపు, అందులో పాన్ డబ్బా సున్నం బఠాణీ గింజంత. సున్నం మీరే వేయండి. నీళ్లు ఎర్రబడతాయి. ఇది అందరికీ తెలిసిందే, కాబట్టి ఆశ్చర్యపోరు. ఇప్పుడు అడగండి: ఎరుపు సున్నంలో ఉందా, పసుపులో ఉందా?

మా దగ్గర ఐదుగురు "సున్నంలో" అని రాశారు. "అయితే సున్నం లేకుండా ఎర్రబడకూడదు కదా" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎనిమిదో తరగతి బాబు ఒకడు తన తెల్ల యూనిఫాం గుర్తు చేసుకున్నాడు: కూర మరక మీద అమ్మ సబ్బు రుద్దగానే అది ఎర్రబడుతుందట. సబ్బులో సున్నం లేదు. వెంటనే పసుపు నీళ్లలో సబ్బు నీళ్లు వేసి చూశాం, ఎర్రబడ్డాయి. ఎర్రబడినదాంట్లో నిమ్మరసం పిండితే మళ్లీ పసుపచ్చగా అయింది. సున్నానికీ సబ్బుకీ ఉమ్మడిగా ఉన్నదేదో ఈ పని చేస్తోందన్నంత వరకు వాళ్లే వచ్చారు. 'క్షారం' (సున్నం, సబ్బు లాంటిది), 'సూచిక' (రంగు మారి దాన్ని పట్టిచ్చే పసుపు లాంటిది) అనే మాటలు అప్పుడు చెప్పండి. అవసరం పడ్డాక వచ్చిన మాట నిలుస్తుంది.

గోడల మీద పాకే శంఖుపుష్పం దొరికితే వేడినీళ్లలో నానబెట్టి ఇదే ఆట ఆడొచ్చు. నీలం రంగు నిమ్మరసంలో ఊదా-గులాబీ అవుతుంది, సబ్బులో ఆకుపచ్చకి తిరుగుతుంది.

రెండో ఆదివారం: ఏ నీళ్లు ఎంత సబ్బు తింటాయి

ఇక్కడి నుంచి అంకెలు మొదలవుతాయి. స్నానం సబ్బు రెండు గ్రాములు తురిమి, 200 మిల్లీలీటర్ల గోరువెచ్చని ఏసీ నీళ్లలో కరిగించి గుడ్డతో వడకట్టండి. బట్టల పౌడర్, గిన్నెల లిక్విడ్ పనికిరావు. అవి గట్టి నీళ్లలో కూడా నురగ వచ్చేలా తయారుచేసినవి. సబ్బు కూడా అట్ట మీద టీఎఫ్ఎం (కొవ్వు పదార్థం శాతం) ఎక్కువ రాసి ఉన్నది చూసుకోండి.

ఒక్కో సీసాలో ఒక్కో రకం నీళ్లు, సరిగ్గా 50 మిల్లీలీటర్లు: ఏసీ నీళ్లు, ఆర్వో నీళ్లు, మంజీరా నల్లా నీళ్లు (సిటీ వాటర్ బోర్డు వదిలేవి), బోరు నీళ్లు. సిరంజితో ఒక మిల్లీలీటరు సబ్బు నీళ్లు వేసి, మూత పెట్టి, పదిహేను సార్లు ఊపి, నిలబెట్టాలి. నురగ నిమిషం పాటు నిలిస్తే ఆపేయాలి. నిలవకపోతే ఇంకో మిల్లీలీటరు. ఊపేది ఒకరే, ఒకే తీరులో. సీసా, కొలత, ఊపే చెయ్యి ఏవీ మారకూడదు, మారేది నీళ్లు ఒక్కటే. ఒక్కోదాన్ని మూడుసార్లు చేయించండి. మూడు అంకెలూ ఒకదానికొకటి దగ్గరగా లేకపోతే సగటు తీయొద్దు, తేడా ఎందుకొచ్చిందో వెతకమనండి.

మా టెర్రస్ మీద ఏసీ నీళ్లకీ ఆర్వో నీళ్లకీ ఒక మిల్లీలీటరు సరిపోయింది. బోరు నీళ్లు పదమూడు తిన్నాయి. నురగ రాకముందు పైన తెల్లటి తెట్టు పేరుకుంది. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని ఇలా పెరుగులా విరిచేస్తాయి. అవి తీరిపోయేదాకా నురగ రాదు. తలంటుకున్నాక జుట్టుకు అంటుకునే జిగట కూడా ఇదే.

వింత మంజీరా నీళ్ల దగ్గర వచ్చింది. అందరూ మూడు, నాలుగు అని రాశారు. మాకు తొమ్మిది వచ్చింది. మళ్లీ చేశాం, తొమ్మిదే. నేనే కంగారుపడ్డాను, ఎందుకంటే నా అంచనా కూడా నాలుగు. సీసా సరిగా కడగలేదేమో అనుకున్నాం. కడిగి చేసినా అంతే. చివరికి శాంపిల్ తెచ్చిన పిల్లవాణ్ణి "ఎక్కడ పట్టావు" అని అడిగితే, "కిచెన్ నల్లాలో ఆంటీ" అన్నాడు. మా అపార్ట్‌మెంట్‌లో మంజీరా కనెక్షనూ, బోరు పైపూ ఒకే సంపులో పడతాయి. నీళ్లు రాని రోజు ట్యాంకర్ కూడా అందులోనే. వాడు పట్టింది మంజీరా నీళ్లు కాదు, మా సంపు కిచిడీ. మర్నాడు తెల్లవారుజామున నీళ్లు వదిలే టైముకి వాచ్‌మన్‌ని బతిమాలి, సంపులో పడకముందే పైపు దగ్గర పట్టాం. నాలుగు వచ్చింది. సీసా మీద 'ఏ నీళ్లు' అని మాత్రమే కాకుండా 'ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారు' అని రాయడం ఆ రోజు నుంచి ఎవరూ చెప్పకుండానే చేస్తున్నారు.

ఇంకో గంట ఉంటే బోరు నీళ్లు పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, వడకట్టి మళ్లీ కొలవండి. మరిగేటప్పుడు కొంత ఆవిరైపోతుంది కాబట్టి తగ్గినంత మేర ఏసీ నీళ్లతో నింపాలి. ఈ మాట మీరు ముందే చెప్పకుండా, ఎవరైనా పట్టుకుంటారేమో చూడండి. మాకు పదమూడు కాస్తా ఏడయింది. గిన్నె అడుగున తెల్లటి పొర మిగిలింది. గీజర్ కాయిల్ మీద పేరుకునే పెచ్చూ ఇదే, ఎక్కువగా కాల్షియం కార్బనేట్. దాని మీద వెనిగర్ చుక్క వేస్తే బుసబుసమని పొంగుతుంది. సబ్బును విరిచే ఈ గుణాన్నే కాఠిన్యం అంటారు: మరిగిస్తే పోయేది తాత్కాలిక కాఠిన్యం, పోకుండా మిగిలేది శాశ్వత కాఠిన్యం. టెక్స్ట్‌బుక్‌లో ఈ రెండు మాటలు బట్టీ పట్టిన పదో తరగతి పిల్ల "ఓ, ఇదా!" అన్న తీరు నాకింకా గుర్తే.

తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మన సబ్బు లెక్కను ఆ అంకెలతో పోల్చొద్దు. ఇది ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్నంత వరకే చెబుతుంది.

మూడో ఆదివారం: సేల్స్ కుర్రాడి గ్లాసు

అసలు కథ ఇది. అతను వాడిన పరికరం కరెంటు ప్లగ్గుకి పెట్టేది. దాన్ని, అలాంటిదాన్ని దేన్నీ పిల్లల దగ్గరికి రానివ్వకండి. 9 వోల్టుల బ్యాటరీ చాలు, కాకపోతే పది పదిహేను నిమిషాలు ఓపిక పట్టాలి. గాలి ఆడే చోట చేయండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

మామూలు ఇనుప మేకులు రెండు తీసుకోండి. తెల్లగా మెరిసే జింకు పూత మేకులు వద్దు. బోరు నీళ్ల గ్లాసులో రెండు మేకులూ ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి, క్లిప్పులతో బ్యాటరీకి కలపండి. ఒక మేకు చుట్టూ సన్నటి బుడగలు లేస్తాయి. కాసేపటికి నీళ్లు ఆకుపచ్చబడి, తర్వాత తుప్పు రంగుకి తిరుగుతాయి. ఆర్వో నీళ్లలో ఏమీ జరగదు. సేల్స్ కుర్రాడు చూపింది ఇంతవరకే.

ఇప్పుడు పిల్లలని రెండు జట్లు చేయండి. ఒక జట్టు 'మడ్డి నీళ్లలోనే ఉంది' అనేది, రెండో జట్టు 'మేకులోంచి వచ్చింది' అనేది. ఒక్కో జట్టూ తన మాట నిజమైతే ఏం జరగాలో, ఎదుటివాళ్ల మాట నిజమైతే ఏం జరగాలో రాయాలి. ఇక్కడ తొందరపెట్టకండి. మా వాళ్లకి నలభై నిమిషాలు పట్టింది, మధ్యలో సమోసాలు కూడా అయిపోయాయి. చివరికి రెండు పరీక్షలు తేలాయి.

మొదటిది: బోరు నీళ్లు అవే ఉంచి మేకులు మార్చడం. రెండు వైపులా చెక్కిన పెన్సిళ్లు మేకుల బదులు పెట్టారు, వాటి ములుకులో ఇనుము ఉండదు. మడ్డి నీళ్లదే అయితే ఇప్పుడూ రావాలి. పావుగంట చూశాం. ఒక పెన్సిల్ దగ్గర కొంచెం తెల్ల మసక కనిపించింది, అది మొన్నటి సబ్బు ప్రయోగంలో పట్టుకున్న కాల్షియం, మెగ్నీషియమే. తుప్పు రంగు మాత్రం రాలేదు.

రెండోది ఆ తొమ్మిదో తరగతి పిల్ల ఆలోచన. మేకులు అవే ఉంచి, ఆర్వో నీళ్లలో చిటికెడు ఉప్పు వేసింది. ఎవరూ మురికి అనలేని నీళ్లు, ఎవరింట్లోనైనా ఉండే ఉప్పు. పది నిమిషాలు తిరిగేసరికి గ్లాసంతా తుప్పు రంగు. అందరూ ఒక్కసారి అరిచారు, కింద ఫ్లోర్ వాళ్లు ఏమైందోనని పైకొచ్చారు. మేకులు బయటికి తీసి చూస్తే బ్యాటరీ ప్లస్‌కి కలిపింది నల్లగా గరుకుగా అయింది. మైనస్‌కి కలిపింది కొత్తదానిలా ఉంది. ప్లస్ వైపు ఇనుము కరిగి నీళ్లలోకి దిగుతుంది, ముందు ఆకుపచ్చ ఐరన్ హైడ్రాక్సైడ్ అవుతుంది, గాలి తగిలి గోధుమ రంగుకి మారుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు పారదు, కరెంటు పారకపోతే ఇనుము కరగదు. ఒక్క జాగ్రత్త: ఉప్పు నీళ్లలో పెన్సిళ్లు పెట్టి కరెంటు ఇవ్వొద్దు, క్లోరిన్ వస్తుంది.

ఇక్కడ ఆపితే సగం పనే అవుతుంది. ఒకడు వెంటనే "అయితే మన బోరు నీళ్లు మంచివే, తాగొచ్చు" అన్నాడు. ఈ మాటను వదలకండి. మనం తేల్చింది, ఆ ప్రదర్శన నీళ్ల మంచిచెడ్డలు చెప్పలేదని మాత్రమే. నీళ్లు మంచివని తేల్చలేదు. నల్గొండ వైపు ఊళ్లలో తరాల తరబడి ఎముకలు వంకర్లు తిప్పిన ఫ్లోరైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, మేకులకీ తెలియదు, సబ్బుకీ తెలియదు. దాని హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, తప్పనిసరైతే 1.5. దానికి ల్యాబ్‌లో వేరే పరీక్ష చేయించాల్సిందే. 'మనం దేన్ని తేల్చలేదు' అని పేజీ కింద ఒక వరస రాయించడం అప్పటి నుంచి మొదలుపెట్టాను.

నాలుగో ఆదివారం: తప్పబోయే అంచనా

పిల్లల అంచనా ఎక్కువగా తప్పే ప్రయోగం ఒకటి కావాలని వెతికి పెట్టుకున్నది ఇది. "పులుపు ఎక్కువుంటే సి విటమిన్ ఎక్కువ." దాదాపు అందరూ ఒప్పుకుంటారు.

పలచటి గంజి వడకట్టి, ఒక స్పూను గంజిని అర గ్లాసు నీళ్లలో కలపండి. దెబ్బలకి రాసే పోవిడోన్ అయోడిన్ ఒక చుక్క వేస్తే నీళ్లు ముదురు నీలం అవుతాయి. సి విటమిన్ అయోడిన్‌ని మార్చేస్తుంది కాబట్టి ఆ నీలం పోతుంది. జామకాయ పది గ్రాములు మెత్తగా నూరి 50 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి వడకట్టండి. నిమ్మరసం పది గ్రాములు కూడా అంతే నీళ్లలో. మూడో గ్లాసుకి పచారీ కొట్లో దొరికే నిమ్మ ఉప్పు నీళ్లు. అది వట్టి సిట్రిక్ ఆమ్లం, నాలుక మీద పెట్టుకుంటే కన్ను మూతపడేంత పులుపు. ఒక్కోదాన్నీ వేరే గ్లాసు నీలం నీళ్లలో సిరంజితో చుక్కలు లెక్కపెడుతూ వేయాలి.

జామరసం నిమ్మరసం కన్నా చాలా తక్కువ చుక్కల్లోనే నీలాన్ని పోగొడుతుంది. నిమ్మ ఉప్పు నీళ్లు ఎంత పోసినా రంగు పలచబడుతుంది గాని పోదు. ఒకమ్మాయి "పలచబడటం పోవడం కాదా ఆంటీ" అని వాదించింది. అయితే వట్టి నీళ్లు అంతే పోసి పక్కన పెట్టి చూడమన్నాను. రెండూ ఒకేలా ఉన్నాయి. నా ల్యాబ్‌లో దీన్నే బ్లాంక్ అనేవాళ్లం.

అయోడిన్ రంగును పోగొట్టే పదార్థాలు సి విటమిన్ ఒక్కటే కాదు కాబట్టి, సీసాల్లో అమ్మే జ్యూసులతో ఇది చేసి తీర్పులు చెప్పొద్దు.

ఇప్పుడు పుస్తకం తెరవండి

నెల గడిచింది. ఆమ్లాలు-క్షారాలు-లవణాలు, విద్యుద్విశ్లేషణ, ఆక్సీకరణం పాఠాలు ఇప్పుడు చదివిస్తే, ప్రతి పేజీలో ఏదో ఒకటి వాళ్ల చేత్తో చేసిందే కనిపిస్తుంది. మార్కుల టెన్షన్ ఉన్న తల్లిదండ్రులకు ఈ మాట చెప్పండి, ఊరుకుంటారు.

మధ్యలో ఒక కథ చెబితే బాగుంటుంది, అదీ మన ఊరి కథ. ఆపరేషన్‌కి మత్తు ఇచ్చేందుకు క్లోరోఫాం వాడే రోజుల్లో కొందరు బల్ల మీదే చనిపోయేవాళ్లు. ముందు ఆగేది ఊపిరా, గుండెనా అని డాక్టర్ల మధ్య పెద్ద తగువు. ఇక్కడి బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరి పక్షం. నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చాడు. 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు నడిచాయి. జంతువుల మీద వందల ప్రయోగాలు చేసి 'ఊపిరి చూసుకుంటే చాలు, గుండెకు భయం లేదు' అని తేల్చారు. 1911లో లెవీ అనే డాక్టరు పిల్లుల మీద చేసి, మత్తు తేలిగ్గా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఆగిపోగలదని చూపించాడు. కమిషన్ ఎక్కువగా చూసింది మోతాదు మించిన జంతువులని. అంకెలు అబద్ధం కాదు, అడిగిన తీరులోనే ఒక మూల చీకటిగా ఉండిపోయింది. మా పిల్లలకి ఇది వెంటనే అర్థమైంది. "సంపు నీళ్లు పట్టినట్టు" అన్నాడు ఆ శాంపిల్ పిల్లవాడే.

బేగంపేటలో పాత ఎయిర్‌పోర్టు వైపు వెళ్లినప్పుడు రొనాల్డ్ రాస్ పేరున్న భవనం కూడా చూపించండి. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని ఆయన చూసింది 1897 ఆగస్టు 20న, అక్కడే. అంతకుముందు రెండేళ్లపాటు కోసి చూసిన దోమలు చాలావరకు వేరే జాతివి. దోమ జాతి మారాకే పని జరిగింది.

చేయకూడనివి, కడగడం

బాత్రూం కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఈ పనుల్లోకి తేవద్దు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసి ఉన్న బాత్రూంలో మనుషుల్ని ఆస్పత్రి పాలు చేస్తుంది. ఫోన్‌లో చూసి 'పేలే' ప్రయోగాలు అడుగుతారు. కాదనండి, కారణం చెప్పండి. ప్రయోగానికి వాడిన గ్లాసులు, స్పూన్లు మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు. వాటికి ఎర్ర టేపు చుట్టి వేరే డబ్బాలో పెట్టండి. ప్రయోగం నడుస్తుండగా ఏదీ నోట్లో పెట్టుకోకూడదు. నిమ్మ ఉప్పు రుచి చూడాలంటే ముందే, వంటింటి స్పూనుతో. మేకుల నీళ్లు, సబ్బు నీళ్లు ఎక్కువ నీళ్లతో సింకులో వదిలేయొచ్చు. చివర్లో చేతులు కడుక్కుని, ఒకరి పేజీ మీద ఇంకొకరు 'చూశాను' అని సంతకం పెట్టాలి.

మా వచ్చే ఆదివారం ప్రశ్న ఇప్పటికే నోట్‌బుక్‌లో ఉంది. ఆర్వో మిషన్ నీళ్లలోంచి లవణాలు తీసేస్తే, ఆ తీసినవన్నీ ఎటు పోయాయి? మిషన్ వెనక నుంచి సింకులోకి పోయే వేస్టు పైపు కింద సీసా పెట్టి నీళ్లు పట్టాం. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, అన్నీ రాసి ఉన్నాయి. ఆ మిషన్‌కి వచ్చే సంపు నీళ్లు ఇంకో సీసాలో. అంచనా పేజీలో ఆరుగురు 'వేస్టు నీళ్లే ఎక్కువ సబ్బు తింటాయి' అని రాశారు. శాంపిల్ పిల్లవాడొక్కడు 'రెండూ సమానం, లవణాలు ఫిల్టర్‌లోనే ఉండిపోతాయి' అన్నాడు. నా అంచనా మడిచి అతికించాను, ఆదివారం ఐదింటికి విప్పుతాం.